లెక్కలోకి రాని కాడెట్

“ఒక్క మాట చెప్పమ్మా. మావాడు పారిపోయాడా, లేదా?”

డేల్ నైక్విస్ట్ అడిగింది అదొక్కటే. కొడుకు ఎలా పోయాడని అడగలేదు, ఎవరు చూశారని అడగలేదు. హాల్డేన్ పాయింట్ సైనిక అకాడమీ అతిథుల గదిలో, జనరల్స్ బొమ్మల కింద, పని బట్టలతోనే కూర్చుని ఉన్నాడు. పేపరు మిల్లులో డ్యూటీ మధ్యలో కబురు అందితే పికప్ ట్రక్కు తోలుకుంటూ నేరుగా వచ్చేశాడు. ఎవరో చేతిలో పెట్టిన కాఫీ తాగకుండానే చల్లారిపోయింది.

ఆడ్రా పెల్టియర్ అతని ఎదురుగా కూర్చుంది. సైన్యంలో జరిగే నేరాలు పరిశోధించడం ఆమె ఉద్యోగం. అదే అకాడమీలో చదువుకుంది కూడా. అక్కడ పట్టాతో పాటు ఇచ్చిన ఉంగరం ఇప్పటికీ వేలికే ఉంది. పొద్దుటి నుంచి దాని రాయిని అరచేతి వైపుకు తిప్పుకుంటోంది.

“పారిపోయాడని ఎవరన్నారు?”

“ఇక్కడి సెక్యూరిటీ మేజర్ గారు. మావాడు నిన్న సాయంత్రమే అకాడమీ వదిలేసి ఉంటాడట. తెల్లారగట్ల సిగ్గుతో నది మెట్ల మీదికి వెళ్లాడట. జారాడో, దూకాడో తెలియదన్నారు.” డేల్ తల వంచుకున్నాడు. “మా ఇంట్లో ఎవరూ మధ్యలో వదిలేసి రాలేదమ్మా. మా నాన్న రాలేదు, నేను రాలేదు. ఇప్పుడు ఊళ్లో ఏ ముఖం పెట్టుకుని వీణ్ణి పాతిపెట్టను?”

కొడుకు శవం పక్క భవనంలో ఉంది. తండ్రి ఏడవడం లేదు, సిగ్గుపడుతున్నాడు. ఆ సిగ్గు ఏడుపును కూడా దగ్గరికి రానివ్వడం లేదు. ఆ కొడుకు ఐవర్ అకాడమీ విద్యార్థిగా, అంటే కాడెట్‌గా పోయి ఉంటే జెండా కప్పి, తోటివాళ్లు భుజాన మోసి, అకాడమీ శ్మశానంలో పాతిపెడతారు. రాజీనామా చేసినవాడైతే బట్టల సంచీతో పాటు శవాన్నీ తండ్రికి అప్పగించి తలుపు వేసుకుంటారు.

“సాయంత్రంలోగా చెబుతాను” అని ఆడ్రా లేచింది. అనవసరంగా మాటిచ్చానా అని మెట్లు ఎక్కుతుంటే అనిపించింది.

కల్నల్ ప్రెంటిస్ లూమిస్ గది పై అంతస్తులో ఉంది. అకాడమీ గురించి బయటికి వెళ్లే ప్రతి అంకె ఆయన చేతుల మీదుగానే వెళుతుంది. ఒకప్పుడు ఆడ్రాకు లెక్కలు చెప్పిన గురువు. గడ్డిలో పడ్డ పెన్సిల్ దొరికినా పోగొట్టుకున్నవాణ్ణి వెతికి ఇచ్చేదాకా నిద్రపోని మనిషని ఆయనకు పేరు. ఇవాళ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు గానీ, కళ్లలోకి చూడలేదు. కుడిచేత్తో చొక్కా ఎడమ జేబును, గుండె నొప్పి వచ్చినవాడిలా, అదిమి పట్టుకుని ఉన్నాడు.

“ఒంట్లో బాగాలేదా సార్?”

“బాగానే ఉంది. కూర్చో, పెల్టియర్.”

“ఐవర్ నైక్విస్ట్ రాజీనామా చేశాడా?”

“ఇవాళ్టి లెక్కలో అతని పేరు ఉండదు.”

“నేనడిగింది అది కాదు.”

“నేను చెప్పగలిగింది అది.”

ఇవాళ అకాడమీలో తలలు లెక్కపెట్టే రోజు. ఏటా ఆకులు రాలే కాలంలో ఒక రోజు వస్తుంది. ఆ రోజు హాజరులో ఉన్న కొత్త కాడెట్లలో ఎందరు చివరికి పట్టా పుచ్చుకున్నారన్నదే కాలేజీలకు ర్యాంకులిచ్చే పత్రిక చూసే పెద్ద అంకె. ఆ రోజుకు ముందే సంచీ సర్దుకుని వెళ్లిపోయినవాడు ఆ పత్రిక దృష్టిలో అసలు పుట్టనే లేదు. మర్నాడు వెళ్లినవాడు మాత్రం అకాడమీ నెత్తిన మచ్చ.

“ఈ ఏడాది మనం ఎన్నో స్థానంలో ఉన్నాం సార్?”

“నాలుగు.” గొంతు తగ్గింది. “నిరుడు ఒకటి.”

“కొంప మునిగిందా?”

“అకాడమీ నడపడానికి వచ్చిన కొత్త సూపరింటెండెంట్‌కు మునిగినట్టే.” లూమిస్ కిటికీ వైపు తిరిగాడు. “సంగీతం నేర్పే కాలేజీనీ, తుపాకీ పట్టించే మనల్నీ ఒకే తక్కెడలో వేస్తారు వాళ్లు. మన దగ్గర ఫీజు లేదు. పాసైన ప్రతివాడికీ ఉద్యోగం ఉంది. మిగతావాళ్లు కిందామీదా పడే మార్కులు మనకు ఊరికే వచ్చిపడతాయి. ఇక మిగిలింది ఎంతమందిని కాదన్నాం, ఎంతమందిని నిలబెట్టుకున్నాం అన్నవే.”

“కాదన్నవాళ్ల సంగతి నాకు తెలుసు. వెబ్‌సైట్‌లో పేరూ ఊరూ కొట్టి మళ్లీ ఇటు తిరిగి చూడని పిల్లల్ని కూడా దరఖాస్తు పెట్టినవాళ్ల కింద చూపిస్తున్నారు. వాళ్లందరినీ మనమే కాదన్నట్టు.”

“అది అబద్ధం కాదు. వాళ్లు మొదలుపెట్టారు.”

“మీరు క్లాసులో చెప్పేవారు సార్. అబద్ధం ఆడకుండా మోసం చేసేవాడు అబద్ధాలకోరు కంటే హీనమని.”

లూమిస్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంత పెద్దాయనను కుర్రకాడెట్‌లా నిలబెట్టి అడగవలసి వచ్చినందుకు ఆడ్రాకు ఒళ్లు చచ్చిపోయినట్టయింది. అయినా అడగవలసింది అడిగింది.

“తెల్లారగట్ల ఎక్కడున్నారు?”

“రోజూ నడిచేచోటే నడిచాను.”

“నది మెట్ల మీదా?”

“రోజూ అక్కడే నడుస్తానని నీకు తెలుసు.”

ఒక్క అబద్ధం లేదు. ఒక్క జవాబూ లేదు. ఆమె బయటికి వస్తుంటే ఆ చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది.

నది మెట్ల దగ్గర మేజర్ రాయ్స్ గాట్లిన్ అడ్డంగా కట్టిన పసుపు పట్టీ విప్పించి చుట్టేయిస్తున్నాడు. అకాడమీ సెక్యూరిటీ అధికారి. ఆడ్రా బ్యాచే. చదువుకునే రోజుల నుంచీ ఇద్దరికీ పడదు.

“ఎందుకు చుట్టేయిస్తున్నావ్, రాయ్స్?”

“పనైపోయింది కాబట్టి. నీకు వేరే ఊళ్లో దొంగలు లేరా, పెల్టీ?”

“నేను చూడకుండానే ఎలా అయిపోయింది?”

“చూడు తల్లీ, కావలసినంత చూడు. రాత్రంతా వాన. మెట్లు పాచి. కుర్రాడు పై నుంచి ఆ కింది బురద దాకా దొర్లాడు. పడవల కోచ్ చూసి కబురు పెట్టాడు. ఒంటి మీద ఇంకెవరి దెబ్బా లేదని డాక్టరే చెప్పాడు. ఇంకేం కావాలి నీకు?”

“రాజీనామా చేశాడని ఎందుకన్నావ్?”

గాట్లిన్ జీపులోంచి ప్లాస్టిక్ సంచీ తీసి ఆమె ముఖం ముందు ఊపాడు. లోపల కాడెట్ టోపీ ఉంది. “డాలు లేదు. ఇంకెవరికైనా విడమరిచి చెప్పాలేమో గానీ నీకూనా?”

నిజమే, ఆమెకు చెప్పనక్కర్లేదు. వేసవి శిక్షణలో కొత్తవాళ్లు బోడి టోపీతో తిరుగుతారు. అది గట్టెక్కినవాడికి పెరేడ్‌లో సీనియర్లు టోపీ ముందు ఇత్తడి డాలు గుచ్చుతారు. అప్పటి నుంచి అతను కాడెట్. వదిలేసి వెళ్లేవాడు ఆ డాలును తన చేత్తోనే ఊడదీసి, తోటివాళ్ల చేతిలో పెట్టి వెళ్లాలి.

“తీసి ఎవరికిచ్చాడు?”

“ఏమో. వాళ్ల కంపెనీ కుర్రాళ్లలో ఎవరికో ఇచ్చి ఉంటాడు.”

“అడిగావా?”

గాట్లిన్ చూయింగ్ గమ్ నములుతూ నది వైపు చూశాడు. అడగలేదు.

“ఇటు వస్తూ ఆ కుర్రాళ్లను నేను అడిగాను. ఎవరికీ ఇవ్వలేదు. సరే, టోపీ ఎక్కడ దొరికింది?”

“కింద, బురదలో. బోర్లా పడి ఉంది.”

ఆడ్రా సంచీని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. టోపీ ముందు భాగమంతా ఎర్ర బురద ఎండి పెచ్చులు కట్టింది. నడిమధ్యన మాత్రం బట్ట శుభ్రంగా ఉంది. ఆ శుభ్రమైన చోటు పైన వెడల్పుగా, కింద మొనదేలి ఉంది.

“ఇదేం ఆకారం, రాయ్స్?”

అతను చూశాడు. నమలడం ఆపేశాడు.

“డాలు ముందే తీసేసి ఉంటే బురద ఇక్కడా అంటాలి గదా. టోపీ బురదలో పడ్డప్పుడు డాలు దాని మీదే ఉంది. కుర్రాడు పడ్డాకే ఎవరో వచ్చి ఊడదీశారు. అంటే ఐవర్ నైక్విస్ట్ కాడెట్‌గానే పడ్డాడు. పొద్దున్న నువ్వు ఆ తండ్రితో కూసింది పచ్చి అబద్ధం.”

“నాకు తెలిసింది చెప్పాను!” గాట్లిన్ గొంతు లేచింది. “దారినపోయే దొంగవెధవ ఎవడైనా మెరుస్తోంది కదాని…”

“చేతికి గడియారం అలాగే ఉంది. జేబులో ఫోన్ అలాగే ఉంది. ఇత్తడి ముక్క తీసుకునే దొంగ ఎవడు? దాని అర్థం తెలిసినవాడే తీస్తాడు. మనలో ఒకడు.” ఆడ్రా ఒక అడుగు దగ్గరికి వచ్చింది. “నీ ఎడమ జేబు విప్పు.”

“మతి పోయిందా?”

“డాలు నేలకు తగలకూడదు. చెత్తలో వెయ్యకూడదు. ఎవరి చేతికి వచ్చిందో వాళ్లు తిరిగి అప్పగించేదాకా ఎడమ జేబులోనే మొయ్యాలి. వేరేవాడైతే నదిలోకి విసిరేసి చేతులు దులుపుకునేవాడు. ఇక్కడ చదివినవాడికి చెయ్యి రాదు. నీకూ రాదు, నాకూ రాదు. విప్పు.”

గాట్లిన్ కోపంతో బొత్తాం లాగేశాడు. చూయింగ్ గమ్ పొట్లం, కడుపుమంట బిళ్లలు. అంతే. జేబు తిరగేసి మరీ చూపించాడు. తర్వాత అతని ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. తల తిప్పి పై అంతస్తు కిటికీ వైపు చూశాడు. పొద్దుట ఆ మనిషి చెయ్యి ఎక్కడుందో అతనూ చూసినట్టున్నాడు.

“వద్దు పెల్టీ” అన్నాడు నెమ్మదిగా. “ఆయన మనకు పాఠం చెప్పినవాడు.”

“నువ్వు సాక్షిగా రా.”

లూమిస్ తలుపు తీసే ఉంది. వాళ్లిద్దరినీ కలిపి చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. ఎవరూ కూర్చోలేదు.

ఆడ్రా ఇంకేమీ అడగలేదు. ఎన్ని అడిగినా నిజాల మధ్య నుంచి సందు చూసుకుని జారిపోతాడు. హాల్డేన్ పాయింట్‌లో ఒక్క ప్రశ్నకు మాత్రం సందు లేదు. రాత్రిపూట కాపలా కాడెట్ ప్రతి గది తలుపూ తట్టి అడిగే ప్రశ్న అది. దానికి జవాబు చెప్పడమంటే, తను ఏ నియమమూ తప్పలేదని పరువును పణం పెట్టడం. ఒకప్పుడు ఒక కాడెట్ నిద్రమత్తులో తప్పు జవాబు చెప్పి, తెల్లారాక తనే వెళ్లి ఒప్పుకుని, సంచీ సర్దుకున్నాడు. లూమిస్ ఏటా మొదటి క్లాసులో ఆ సంగతే చెప్పేవాడు.

ఆమె నిటారుగా నిలబడింది. తెరిచి ఉన్న తలుపునే వేలి కణుపుతో తట్టింది.

“అంతా సవ్యమేనా, సార్?”

లూమిస్ పెదవులు కదిలాయి. “సవ్యమే” అనడం ఒక్క క్షణం పని. ఆయన అనలేకపోయాడు. చెయ్యి జేబులోకి వెళ్లింది. ఇత్తడి డాలు తీసి బల్ల మీద పెట్టబోయి, ఆగి, ఆడ్రా అరచేతిలో పెట్టాడు. దాని అంచున ఎర్ర మట్టి ఇంకా ఉంది.

“సవ్యం కాదు” అన్నాడు.

గాట్లిన్ తన టోపీ తీసి చంకలో పెట్టుకుని గోడ వైపు చూడసాగాడు.

“లెక్కల్లో వెనకబడ్డాడు. వసంతం దాకా నిలవడని నాకు అనిపించింది. ఈ వారం పదిమందితో మాట్లాడాను, ఇప్పుడే గౌరవంగా వెళ్లిపోండని. తొమ్మిదిమంది విన్నారు. ఇతను వినలేదు. పొద్దున మెట్ల దగ్గరికి మళ్లీ పిలిచాను.” లూమిస్ ఒక్కో మాటా తూచి, నిజం తప్ప ఇంకేమీ రాకుండా చెబుతున్నాడు. “‘మా నాన్న ఊరుకోడు సార్’ అన్నాడు. ‘రాత్రి ఫోన్ చేశాను. వదిలేసి వస్తే గుమ్మం తొక్కనివ్వనన్నాడు. నేను వెళ్లలేను’ అన్నాడు. చదువుకుంటాను, రాత్రీపగలూ చదువుతాను అని బతిమాలాడు. తర్వాత నన్ను అడిగాడు, ‘ఇది నా మంచి కోసమే చెబుతున్నారా సార్? అంతా సవ్యమేనా?’ అని.”

“మీరేమన్నారు?”

“ఏమనగలను? వెనక్కి తిరిగి మెట్లెక్కేశాను. సార్, సార్ అంటూ వెంట వచ్చాడు. కాలు జారిన చప్పుడు విన్నాను.” చెయ్యి ఖాళీ జేబు మీదికి పోయింది. “కిందికి వెళ్లాను. ఊపిరి లేదు. నా చెయ్యి టోపీ మీదికి వెళ్లింది.”

“చనిపోయినవాణ్ణి ర్యాంకుల లెక్కలోంచి ఎలాగూ తీసేస్తారు సార్. ఆ నియమం నాకు చెప్పిందే మీరు. డాలు తీసినా తియ్యకపోయినా అకాడమీ అంకె మారదు.”

“మారదు. నాకు తెలుసు.”

“మరెందుకు తీశారు?”

లూమిస్ అంతసేపటికి ఆమె ముఖంలోకి చూశాడు. చూసినందుకు ఆమే కళ్లు దించుకోవలసి వచ్చింది. “అంకె కోసం కాదు. నా కోసం. కాడెట్ చస్తే పక్కన ఎవరున్నారని అడుగుతారు. వదిలేసినవాడు చస్తే ఎవరూ అడగరు.”

ఆడ్రాకు ఆయన మీద కోపం రావలసింది. రాలేదు. ఆ గదిలో తన చదువుకు, తన ఉంగరానికి, తను ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్న ఆ నాలుగేళ్లకు సిగ్గేసింది. ఆ ఒకటో స్థానం వచ్చిన ఏడాది ఆమె కూడా తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంది.

కింద అతిథుల గదిలో డేల్ నైక్విస్ట్ ఉన్నచోటే ఉన్నాడు. ఆమె పక్కనే కూర్చుని అరచెయ్యి తెరిచి చూపించింది.

“పారిపోలేదు. మీవాడు కాడెట్‌గానే పోయాడు. ఇది ఇప్పుడు మీకు ఇవ్వలేను, సాక్ష్యం. తర్వాత నేనే తెచ్చిస్తాను.”

డేల్ ఆ డాలు వైపు చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు. భుజాలు ఒక్కసారిగా కుంగిపోయాయి. పొద్దుటి నుంచి ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది. పెద్ద చేతులతో ముఖం కప్పుకున్నాడు.

“పొద్దుటి నుంచి వాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నానమ్మా. చచ్చినవాణ్ణి.” కాసేపటికి చేతుల వెనక నుంచే అడిగాడు. “రాత్రి ఫోన్‌లో ఓ మాటన్నాను. కోపంలో అన్నాను. వాడు… చివర్లో నా మాటేమైనా ఎత్తాడా?”

“లేదు” అంది ఆడ్రా.

నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. అతని భుజం మీద చెయ్యేసి, లేచి వరండాలోకి వచ్చింది. గాట్లిన్ తలుపు పక్కనే గోడకు ఆనుకుని ఉన్నాడు.

“విన్నాను” అన్నాడు.

“వింటే విన్నావ్.”

“వెక్కిరించడం లేదు పెల్టీ. నా అవస్థ చెబుతున్నా. రేపు నీ రిపోర్టు కింద సాక్షిగా నేను సంతకం పెట్టాలి. కల్నల్ అన్నది అన్నట్టు రాస్తే ఆ తండ్రి చదువుతాడు. అతనితో నువ్వు అబద్ధమాడావని సూపరింటెండెంట్ లాయర్లు నీ రిపోర్టంతా చింపి పారేస్తారు, కుర్రాడు మళ్లీ రాజీనామా చేసినవాడైపోతాడు. రాయకపోతే…” ఆగాడు.

“రాయకపోతే?”

“ఉన్నదాన్ని లెక్కలోంచి తప్పించావన్నమాట. ఆయన చేసిందీ అదేగా.”

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. అన్నది గాట్లిన్ అయినందుకు మరీ తగిలింది. కుర్రాడికి జెండా దక్కాలంటే ‘నాన్న గుమ్మం తొక్కనివ్వడు, నేను వెళ్లలేను’ అన్న ఆ ఒక్క వాక్యం ఉండాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే తండ్రి బతికినన్నాళ్లూ దాన్ని మొయ్యాలి. జాలి పేరుతో ఆమె చేసింది అంకెలు సర్దడమే. ఎడమ జేబులో డాలు బరువుగా తగులుతోంది.

ఆడ్రా వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లింది. డేల్ తలెత్తాడు.

“నైక్విస్ట్ గారూ, ఇందాక మీతో అబద్ధం చెప్పాను.”

ఆమె కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. మా నాన్న ఊరుకోడన్న మాటా, గుమ్మం తొక్కనివ్వడన్న మాటా, రాత్రీపగలూ చదువుతానన్న మాటా, ఒక్కటీ విడిచిపెట్టలేదు. డేల్ వింటూ చల్లారిన కాఫీ ఉన్న కాగితం కప్పును రెండు చేతులా పట్టుకున్నాడు. అది నలిగి కాఫీ మోకాళ్ల మీద ఒలికింది. అతను తుడుచుకోలేదు.

“అంటే నేనే వాణ్ణి అక్కడ నిలబెట్టానన్నమాట.”

ఆడ్రా అవునని అనలేదు. కాదనీ అనలేదు. తలుపు దగ్గర గాట్లిన్ నేల చూపులు చూస్తున్నాడు.

“రాసుకోండమ్మా” అన్నాడు డేల్. “రిపోర్టులో అదీ రాసుకోండి. నా పేరు పెట్టే రాసుకోండి. వాణ్ణి మాత్రం లెక్కలోంచి తియ్యొద్దు.”

గాట్లిన్ జేబులోంచి పెన్ను తీసి ఆడ్రా చేతికి అందించాడు.